కోశాధికారిగా సంతకం పెట్టమంటున్నారు, పెట్టాలా?

హన్మకొండ నుంచి ఒక తల్లి ఏడు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు గానీ, సంస్థ పేరు గానీ బయటపడొద్దని కోరారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి, మిగతాది కుదించి ఇస్తున్నాను.

వాళ్ల బాబుకు ఏడేళ్లు. మూడో ఏట ఆటిజం అని తేలింది. అప్పటి నుంచి ఊళ్లోనే ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే థెరపీ కేంద్రానికి తీసుకెళ్తున్నారు. బాబు మొట్టమొదటిసారి "అమ్మ" అన్నది అక్కడే, స్పీచ్ థెరపీ గదిలో అద్దం ముందు కూర్చుని. అప్పటికి వాడికి ఐదేళ్లు దాటాయి. ఆ రోజు థెరపిస్టు కూడా ఏడ్చిందని ఆమె రాశారు.

కేంద్రాన్ని పద్నాలుగేళ్ల కింద మొదలుపెట్టిన పెద్దాయనను అందరూ "సార్" అంటారు. సంస్థ సొసైటీగా రిజిస్టరైంది. సార్ కార్యదర్శి, ఆయన భార్య అధ్యక్షురాలు, ఆమె తమ్ముడు సహాయ కార్యదర్శి. పరకాల, నర్సంపేట, జనగామ వైపు పల్లెల నుంచి కూడా కలుపుకుని 60 మంది పిల్లలు వస్తారు. ఫీజు నెలకు 3,000. బయట క్లినిక్‌లో ఒక్క సెషన్‌కే ఐదారు వందలు అడుగుతున్నారట.

ఈమె బ్యాంకులో పదకొండేళ్లు పనిచేసి బాబు కోసం ఉద్యోగం మానేశారు. అందుకే ఆమెకు కబురొచ్చింది. కోశాధికారిగా ఉన్న రిటైర్డ్ టీచరు ఒంట్లో బాగాలేదని జూన్‌లో రాజీనామా ఇచ్చారు. 2024-25 లెక్కలు తయారయ్యాయి గానీ ఆయన సంతకం ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. "మీరు బ్యాంకుల చేసిన్రు, మీకు లెక్కలు ఎరుకే. ఆడిటర్ చూసిండు. మీ సంతకం ఒక్కటే తక్కువ," అన్నారట సార్. కమిటీలోకి వస్తే ఇక బాబుకు ఫీజు కట్టక్కర్లేదని కూడా అన్నారు.

ఆ కాగితాలు ఒక రాత్రి ఇంట్లో ఉంచుకుని ఆమె రాసుకున్న అంకెలు ఇవి. ఆదాయం 39.40 లక్షలు. అందులో ఫీజులు 21.60, విరాళాలు 9.40, సెన్సరీ గది (ఉయ్యాల, మెత్తటి పరుపుల లాంటి పరికరాలతో థెరపీ ఇచ్చే గది) కోసం ఒక కంపెనీ తన సామాజిక బాధ్యత కింద ఇచ్చిన సీఎస్ఆర్ డబ్బు 8 లక్షలు, బ్యాంకు వడ్డీ 40 వేలు. ఖర్చు 35.20 లక్షలు. జీతాలు 19.20, అద్దె 4.20, వ్యాను 3.10, కరెంటు వగైరా 1.80, "కార్యక్రమ ఖర్చులు" 6.90. మిగులు 4.20 లక్షలు. సెన్సరీ పరికరాలు 2.60 లక్షలకు కొన్నట్టు ఆస్తుల పట్టీలో ఉంది. కార్యదర్శికి సంస్థ బాకీ ఉన్న అప్పు 9 లక్షల నుంచి 4 లక్షలకు తగ్గింది. బ్యాంకులోనూ చేతిలోనూ ఉన్న డబ్బు ఏడాది మొదట్లో 4.10 లక్షలు, ఏడాది చివర 70 వేలు. అద్దె వెళ్లేది అధ్యక్షురాలి పేరున ఉన్న ఇంటికే.

జూన్ నుంచి థెరపిస్టుల జీతాలు ఇరవయ్యో తారీఖు దాటితే గానీ రావడం లేదు. సెన్సరీ గదిలో కొత్త ఉయ్యాల పాలిథిన్ కవరు కూడా విప్పకుండా మూలకు నిలబెట్టి ఉంది. హుక్కు ఎక్కడ కొట్టాలో పైకప్పు మీద ఎర్ర చాక్‌పీసుతో గీసిన గుర్తు మాత్రం ఉంది.

ఇంట్లో భర్త, "సంతకమే గద, పెట్టు. పిలగాని థెరపీ ముఖ్యం," అంటున్నారు. అత్తగారు పొలం అమ్మిన డబ్బులోంచి మామగారి పేరున 2 లక్షలు ఆ కేంద్రానికే ఇవ్వాలని పట్టుబట్టారు. దాంట్లో సగం చెక్కుగా, సగం నగదుగా ఇస్తే బాగుంటుందని సార్ అన్నారు. ఒక తోటి తల్లికి మనసులో మాట చెబితే, "సార్ లేకుంటె మన పిల్లలు ఏమైతుండె? ఆయన్నే అనుమానిస్తవా?" అని మాట్లాడటం మానేసింది. "సార్ మంచివారా కాదా నేను తేల్చుకోలేకపోతున్నాను. సంతకం పెట్టనా? డబ్బు ఇవ్వనా? అడిగితే బాబు సెషన్లు పోతాయేమో," అని ఉత్తరం ముగించారు.

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నిద్ర పట్టడం లేదని రాశారు. ఉన్నఫళాన సంతకం పెట్టలేదంటేనే మీ బ్యాంకు అలవాటు మీకు మేలు చేసిందని అర్థం.

సార్ మంచివారా కాదా అన్న ప్రశ్నను ముందు పక్కన పెట్టండి. దానికి జవాబు మీ దగ్గరున్న కాగితాల్లో దొరకదు. పద్నాలుగేళ్లు ఇలాంటి పిల్లల కోసం ఒక చోటు నిలబెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు, ఆయన మంచివారే అయి ఉండొచ్చు. ఆ కాగితాలు చెప్పేది వేరే సంగతి. సంస్థ డబ్బూ సార్ ఇంటి డబ్బూ రెండూ వేర్వేరు సంచుల్లో ఉన్నాయా, లేక ఒకే సంచిలో ఉన్నాయా? సంచి ఒకటే అయితే, ఎంత మంచివారి చేతిలో ఉన్నా ఏదో ఒక రోజు పిల్లల డబ్బు ఇంటి అవసరానికో, ఇంటి డబ్బు పిల్లల అవసరానికో పోతుంది. ఏది ఎటు పోయిందో చెప్పగలిగేవాళ్లు ఉండరు.

ఇప్పుడు మీ అంకెలే చూద్దాం. 4.20 లక్షల మిగులు అని రాసి ఉంది గదా. ఆ మిగులు నిజం కాదు. కంపెనీ ఇచ్చిన 8 లక్షలు సెన్సరీ గది కోసమే ఇచ్చింది, కేంద్రం నడపడానికి కాదు. ఆ 8 లక్షలు పక్కన పెడితే రాబడి 31.40 లక్షలు, ఖర్చు 35.20 లక్షలు. అంటే తరుగుదల మాట వదిలేసినా ఏడాదికి 3.80 లక్షల లోటు, నెలకు దాదాపు 32 వేలు. 60 మంది పిల్లల మీద చూస్తే ఒక్కో పిల్లవాడికి నెలకు 4,890 రూపాయల దాకా ఖర్చవుతోంది. మీరు కట్టేది 3,000. మిగతా 1,890 విరాళాల నుంచి రావాలి. విరాళాలు అంత రావడం లేదు. సార్ అప్పు ఇస్తూ వచ్చింది ఈ గుంత పూడ్చడానికే కావచ్చు. 2020లో కరోనా మూసివేతల నాడు ఇలాంటి చాలా కేంద్రాలు జీతాలకు అప్పులు చేశాయి, సొంత బంగారం కుదువ పెట్టినవాళ్లను నేనెరుగుదును. అప్పు ఇవ్వడం తప్పు కాదు, ఇచ్చిన అప్పు తిరిగి తీసుకోవడమూ తప్పు కాదు.

అది ఏ డబ్బులోంచి తిరిగి వెళ్లిందన్నదే ప్రశ్న. 8 లక్షల్లో 2.60 లక్షలకు పరికరాలు కొన్నారు. మిగిలిన 5.40 లక్షలు మార్చి 31న బ్యాంకులో ఉండాలి. మొత్తం సంస్థ దగ్గరే ఉన్నది 70 వేలు. ఎంత తక్కువ వేసుకున్నా 4.70 లక్షలు ఆ గదివి వేరే దారిన పోయాయి. అదే ఏడాది సార్ అప్పు 5 లక్షలు తీరింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే మీకు నిద్ర పట్టకపోవడంలో వింత లేదు. నెలకు దాదాపు 2 లక్షల 93 వేలు ఖర్చయ్యే చోట 70 వేలంటే వారం రోజుల ఖర్చు. జీతాలు ఎందుకు ఇరవయ్యో తారీఖుకు జరిగాయో, ఉయ్యాల కవరు ఎందుకు విప్పలేదో దీంతో అర్థమవుతుంది. హుక్కు కొట్టే మేస్త్రీకి, కింద వేయాల్సిన మెత్తటి పరుపుకు డబ్బు మిగల్లేదు.

అందుకని మీరు మొదట చూడాల్సిన కాగితం ఆడిట్ రిపోర్టు కాదు. ఆ కంపెనీకి సంస్థ పంపిన వినియోగ ధ్రువపత్రం. ఇచ్చిన డబ్బు దేనికెంత ఖర్చయిందో చెప్పే కాగితం అది, సీఎస్ఆర్ డబ్బు ఇచ్చిన కంపెనీ తప్పకుండా అడుగుతుంది. దాంట్లో "2.60 లక్షలు ఖర్చయింది, మిగతాది పెండింగ్" అని ఉంటే సార్ చేసింది పొరపాటు సర్దుబాటు, సరిదిద్దుకోవచ్చు. "8 లక్షలూ ఖర్చయ్యాయి" అని రాసి ఎవరైనా సంతకం చేసి ఉంటే మాత్రం అది అబద్ధపు పత్రం. మీరు కోశాధికారిగా ఆ కమిటీలోకి అడుగు కూడా పెట్టకూడదు.

అద్దె సంగతికొస్తే, అధ్యక్షురాలి ఇంట్లోనే కేంద్రం నడపడం దానంతట అదే దోషం కాదు. చిన్న ఊళ్లలో ఇలాంటి పిల్లలకు ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు దొరకరు, కేకలు వినిపిస్తాయని పక్కింటివాళ్లు గొడవపడతారు. చాలా కేంద్రాలు అలా సొంత ఇళ్లలోనే మొదలయ్యాయి. కానీ నెలకు 35 వేలు ఆ వీధిలో అంతే విస్తీర్ణానికి నడుస్తున్న అద్దేనా? రాతపూర్వక ఒప్పందం ఉందా? అద్దె నిర్ణయించిన మీటింగులో అధ్యక్షురాలు, సార్, ఆమె తమ్ముడు పక్కకు తప్పుకుని మిగతావాళ్లు తీర్మానం చేశారా? ఆదాయపు పన్ను చట్టం పన్ను మినహాయింపు ఉన్న సంస్థల నుంచి నిర్వాహకులకూ వాళ్ల బంధువులకూ సరైన ధర కంటే ఎక్కువ ముడితే ఒప్పుకోదు, ఆ డబ్బుకు మినహాయింపు పోవచ్చు. బాబుకు ఫీజు వద్దన్న మాట కూడా ఈ కోవలోకే వస్తుంది. మీరు కమిటీలో ఉండగా మీ బిడ్డకు ఉచితం అంటే నిర్వాహకురాలికి లాభం చేకూర్చినట్టే. సార్ ప్రేమతోనే అని ఉంటారు, మీరు మాత్రం ఒక్క నెల కూడా ఒప్పుకోవద్దు. ఫీజు కట్టి రసీదు తీసుకునే కోశాధికారి నోరు విప్పి అడగగలదు, ఉచితంగా తీసుకునేది అడగలేదు.

"కార్యక్రమ ఖర్చులు 6.90 లక్షలు" అన్న ఒక్క పద్దు నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది. ఖర్చయిన ప్రతి రూపాయిలో దాదాపు 20 పైసలు ఆ రెండు మాటల కింద ఉన్నాయి. థెరపీ కేంద్రంలో మనుషుల జీతాలే పెద్ద ఖర్చు కావాలి. ఇక్కడ జీతాలు 55 పైసలు. వార్షికోత్సవం షామియానాలా, పిక్నిక్కా, ఫ్లెక్సీలా, దాతల భోజనాలా? లెడ్జరు తెరిస్తే పది నిమిషాల్లో తెలుస్తుంది. తెరవనివ్వకపోతే అదీ ఒక జవాబే.

ఆడిటర్ చూశారని సార్ అన్నారు. ఆ కాగితాల మీద చార్టర్డ్ అకౌంటెంట్ సంతకం, సభ్యత్వ నంబరుతో పాటు యూడిన్ అని అంకెలూ అక్షరాలూ కలిపి 18 ఉండే నంబరు ఉండాలి. 2019 నుంచి ఆడిటర్లు సంతకం చేసే ఆడిట్ రిపోర్టులకు ఇది తప్పనిసరి అయింది. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ వెబ్‌సైటులో ఎవరైనా ఆ నంబరు కొట్టి చూడొచ్చు. నంబరు లేకపోతే, మీ ఇంట్లో ఒక రాత్రి ఉన్నది ఆడిటైన లెక్క కాదు, చిత్తు ప్రతి. చిత్తు ప్రతి మీద కోశాధికారి సంతకం ముందు తీసుకుని, దాన్ని చూపించి ఆడిటర్ సంతకం తెచ్చుకునే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. మీ విషయంలో అదే జరుగుతోందేమో చూసుకోండి.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. నేను ఆరేళ్ల పాటు ఒక పిల్లల సంస్థ కమిటీలో ఉన్నాను. కార్యదర్శి మీద గౌరవంతో, మీటింగుకు వెళ్లలేని రోజుల్లో తర్వాత తీరిగ్గా వెళ్లి మినిట్స్ పుస్తకంలో సంతకం పెట్టి వచ్చేవాణ్ని. ఒకనాడు పాత తీర్మానం కోసం వెతుకుతూ పుస్తకం తిరగేస్తే, ఏడాదిలో జరిగినట్టు రాసిన ఐదు మీటింగుల సంతకాలూ ఒకే నీలం సిరాతో ఉన్నాయి. బాల్‌పెన్ను గట్టిగా ఒత్తి పెట్టడంతో మొదటి పేజీ సంతకాల గాట్లు వెనక రెండు పేజీల దాకా వేలికి తగిలాయి. వాటిలో నా సంతకమూ ఉంది. దాని పైన ఉన్న తీర్మానం, ఒక దాత ప్రత్యేకంగా ఇచ్చిన డిపాజిట్‌ను మధ్యలోనే తీసి వాడుకోవడానికి అనుమతి. నేను ఆ తీర్మానం చదవలేదు, ఆ మీటింగుకు వెళ్లలేదు, అయినా ఆ డబ్బు తీయడానికి నేను ఒప్పుకున్నట్టే లెక్క. ఆ దాత భార్య తర్వాత వచ్చి అడిగినప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాను. మీకు మినిట్స్ పుస్తకం చూపించమని అడిగే హక్కు ఉంది, కమిటీలోకి రమ్మని పిలిచారు కాబట్టి. మూడేళ్లది చూడండి. ఎన్ని మీటింగులు, ఎవరెవరు వచ్చారు, ఎవరైనా ఒక్కసారైనా "వద్దు" అన్నట్టు రాసి ఉందా.

కేంద్రం బయట దొరికే కాగితాలూ ఉన్నాయి. తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద సంస్థ ఏటా తన కమిటీ జాబితా జిల్లా రిజిస్ట్రార్‌కు పంపాలి. రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి ఫీజు కడితే నకళ్లు తీసుకోవచ్చు. ఏడుగురు లేనిదే సొసైటీ రిజిస్టరే కాదు. ఆ ఏడుగురిలో ముగ్గురు ఒకే ఇంటివాళ్లని మీకు తెలుసు, మిగతా నలుగురెవరో, ఇప్పుడు ఉన్నారో లేరో చూడండి. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం ఇలాంటి సంస్థకు ప్రభుత్వం నుంచి వేరే రిజిస్ట్రేషన్ పత్రం కూడా ఉండాలి. అది ఉందో లేదో జిల్లా సంక్షేమ అధికారి కార్యాలయంలో సమాచార హక్కు కింద అడగొచ్చు. స్పీచ్ థెరపిస్టుకూ స్పెషల్ ఎడ్యుకేటర్‌కూ పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఈ మధ్య మీ బాబు దగ్గరికి కొత్త అమ్మాయి వస్తోందని ఒక వాక్యంలో రాశారు. జీతాలు ఆలస్యమయ్యే చోట చదువుకున్నవాళ్లు ముందు వెళ్లిపోతారు, వాళ్ల జాగాలో నేర్చుకుంటున్నవాళ్లు వస్తారు. డబ్బు లెక్క చివరికి బాబు ముందు ఎవరు కూర్చుంటారన్న దగ్గరికే వస్తుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఒక్క విషయంలో మాత్రం మీకు దారులు లేవని నా అభిప్రాయం. 2024-25 లెక్కల మీద మీరు సంతకం పెట్టకూడదు. ఆ ఏడాది మీరు పదవిలో లేరు. ఒక్క రసీదు మీ చేతుల మీదుగా పోలేదు. ఆ సంతకం పాత కోశాధికారిది, ఆయన ఎందుకు పెట్టలేదో ఆయన్నే అడిగి చూడండి. ఒంట్లో బాగాలేని మనిషి కూడా ఒక సంతకం పెట్టగలడు.

కోశాధికారిగా చేరడం ఒక దారి. నిజంగా మీ లాంటి మనిషి ఆ కేంద్రానికి కావాలి. చేరితే మాత్రం చేరిన తేదీ మినిట్స్‌లో రాయించి, అంతకు ముందు లెక్కలు మీవి కావని ఒక ఉత్తరం ఇచ్చి, దాని నకలు మీద అందినట్టు సంతకం తీసుకుని చేరండి. చెక్కుల మీద రెండు సంతకాలు, అందులో ఒకటి ఆ కుటుంబం బయటివాళ్లది. ప్రత్యేక పనికి వచ్చిన డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా. సార్ అప్పు మిగిలిన 4 లక్షలు తీర్చేది జీతాలు సమయానికి పడ్డాకే అని తీర్మానం. ఇవి అడిగితే సార్ నొచ్చుకోవచ్చు, "నా మీద నమ్మకం లేదా?" అనొచ్చు. ఒప్పుకుంటే సంస్థ బాగుపడుతుంది, మీకు మాత్రం రోజుకు రెండు గంటల పని, తోటి తల్లిదండ్రుల్లో కొందరి కోపం మిగులుతాయి. ఒప్పుకోకపోతే ఇంకొకరిని చూసుకుంటారు, మీకు ఆ కుర్చీ ఎందుకు ఇవ్వచూపారో అప్పుడు తెలుస్తుంది.

పదవి వద్దని, సొసైటీలో మామూలు సభ్యత్వం మాత్రం తీసుకోవడం రెండో దారి. నాకు ఇది బలమైన దారి అనిపిస్తుంది. ఒక్కరే కాకుండా ఐదారుగురు తల్లిదండ్రులు కలిసి సభ్యులైతే సర్వసభ్య సమావేశంలో లెక్కలు అడిగే హక్కు వస్తుంది, కమిటీని ఎన్నుకునే ఓటు వస్తుంది. సొసైటీల చట్టం 23వ సెక్షన్ సభ్యులకు తగాదా జిల్లా కోర్టుకు తీసుకెళ్లే వీలు ఇచ్చింది, సభ్యులు కాని తల్లిదండ్రులకు ఆ వీలు లేదు. నెమ్మదిగా సాగే దారి ఇది. కొత్త సభ్యుల్ని చేర్చుకోవడం కమిటీ చేతిలోనే ఉంటుంది, నెలల తరబడి నాన్చొచ్చు. మీతో మాట్లాడటం మానేసిన ఆ తల్లి కూడా ఇందులోకి రాగలదు. ఎందుకంటే ఇక్కడ ఎవరినీ దొంగ అనక్కర్లేదు. ఫీజు నెలకు 500 పెంచితే ఏడాదికి 3.60 లక్షలు వస్తాయి, లోటు దాదాపు పూడిపోతుంది. పిల్లవాడికి వచ్చే 4,016 రూపాయల వికలాంగుల పింఛన్ మీదే నడిచే ఇళ్లకు ఆ పెంపు వద్దని, కట్టగలిగినవాళ్లు కొంచెం ఎక్కువ కట్టాలని తల్లిదండ్రులే కూర్చుని తేల్చుకోవచ్చు. సార్ ఒక్కరే మోస్తున్న లోటు మీద తల్లిదండ్రులు పద్నాలుగేళ్లలో ఒక్కసారైనా కూర్చుని మాట్లాడారా?

ఏ పదవీ, సభ్యత్వమూ వద్దు, తల్లిగా ఫీజు కట్టి బాబు పని చూసుకుంటాను అన్నా మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టలేరు. ఇంట్లో ఆటిజం ఉన్న బిడ్డను పెంచడమే పూర్తి ఉద్యోగం. అయితే మీరు చూసింది చూశారు. ఆరు నెలల తర్వాత జీతాలు పూర్తిగా ఆగి థెరపిస్టులు వెళ్లిపోతే, ముందే తెలిసీ ఊరుకున్నానన్న బాధ ఉంటుంది. అది మోయగలరో లేదో మీకే తెలియాలి.

ఫిర్యాదు చివరి దారి. కంపెనీకి, రిజిస్ట్రార్‌కు, ఆదాయపు పన్ను శాఖకు రాయొచ్చు. అబద్ధపు ధ్రువపత్రం మీ కంటపడితే, లేదా లెక్కలు చూపించకుండా మీ సంతకం మీరు పెట్టినట్టే ఎక్కడైనా కనబడితే, అప్పుడు ఇది తప్పదు. అలాంటిదేమీ లేకుండా ముందే ఈ దారి పడితే కంపెనీ మిగతా సాయం ఆపేస్తుంది, బ్యాంకులో ఉన్న వారం ఖర్చు అయిపోతుంది, మొదట నష్టపోయేది పరకాల బస్సులో వచ్చే పిల్లవాడు. కంపెనీకి సార్ తానే ఉన్నదున్నట్టు రాసి, 5.40 లక్షల పని పూర్తి చేయడానికి గడువు అడగడం ఇంతకన్నా మేలు. ఆయన 4.70 లక్షలు మళ్లీ అప్పుగా వేసి ఆ గది పూర్తి చేయగలిగితే ఇంకా మేలు. ఈ మాట సార్‌కు చెప్పగలిగిన మనిషి కావాలి. ఆ పాత టీచరు గారు చెప్పగలరేమో.

బాబు సెషన్లు పోతాయన్న భయం గురించి. అది ఉత్త భయం అని నేననను. సార్ పేరున అది చేసే చిన్న మనుషులు ప్రతి సంస్థలోనూ ఉంటారు. అందుకని ముందుగానే రెండో చోటు చూసి పెట్టుకోండి. పుట్టుక నుంచి 18 ఏళ్ల వరకు పిల్లల ఎదుగుదల సమస్యలకు ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ బాలల ఆరోగ్య పథకం కింద డీఈఐసీ అనే తొలిదశ చికిత్స కేంద్రాలు ఉన్నాయి, మీ దగ్గర ఏ రోజుల్లో ఏ థెరపీ ఇస్తారో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో కనుక్కోండి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం విద్యాశాఖ సమగ్ర శిక్ష కింద నడిపే భవిత కేంద్రాలు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా ఆటిజం ఉన్నవాళ్లకు ఏడాదికి లక్ష వరకు వర్తిస్తుంది, అందులో థెరపీ ఖర్చులూ వస్తాయి. తీసుకోకపోతే తీసుకోండి. ఏడాదికోసారి బాబును సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీకి తీసుకెళ్లి ఎదుగుదల అంచనా రాయించుకుంటే, ఎక్కడికి మారినా ఆ కాగితం వెంట ఉంటుంది. ఇవేవీ ఆ అద్దం ముందు గదికి సాటి రాకపోవచ్చు. అయినా వేరే తలుపు ఒకటి ఉందని తెలిస్తే అడిగేటప్పుడు మీ గొంతు వణకదు.

అత్తమ్మ గారి డబ్బు మీద ఒక మాట. సగం నగదు వద్దు. 2,000 దాటిన నగదు విరాళానికి దాతకు పన్ను మినహాయింపు లేదు. అత్తమ్మ పన్ను కట్టరు కాబట్టి అది మాకెందుకు అనుకోవచ్చు. దాతలకు ఆ మినహాయింపు ఇప్పించగల సంస్థ తనకు విరాళమిచ్చిన వారి వివరాలు ఆదాయపు పన్ను శాఖకు ఏటా పంపి, దాతకు విరాళ ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ పత్రం చేతికొస్తేనే మామగారి పేరున ఇచ్చిన డబ్బు పుస్తకాల్లో ఎక్కిందని మీకు రుజువు. ఇవ్వాలనుకుంటే మొత్తం చెక్కుగా, దేనికో ఉత్తరంలో రాసి ఇవ్వండి. ఐదుగురు పల్లె పిల్లల ఏడాది ఫీజు 1.80 లక్షలవుతుంది. ఆ పిల్లల పేరున నెలనెలా మీరే కట్టి రసీదు తీసుకోవచ్చు, అప్పుడు డబ్బు దారి మీ కళ్ల ముందే ఉంటుంది. లేదంటే కమిటీ సంగతి తేలేదాకా డిపాజిట్ వేయించండి. ఆరు నెలలు ఆగినంత మాత్రాన మామగారి పేరు చిన్నబోదు. ఆమెకు ఇవన్నీ చెప్పక్కర్లేదు, "పిల్లల పేరున కడదాం అత్తమ్మా" అంటే చాలు.

సార్ దగ్గరికి బాబు సెషన్ ఉన్న రోజు వెళ్లకండి. వేరే రోజు, ముందుగా చెప్పి, మీ వారిని కూడా తీసుకుని వెళ్లండి. "సార్, నాకు కేంద్రం కావాలి, మీరు కావాలి. కోశాధికారిగా కూర్చోవాలంటే ముందు మూడు పుస్తకాలు చూడాలి," అని చెప్పి, కంపెనీకి పంపిన వినియోగ ధ్రువపత్రం, మినిట్స్ పుస్తకం, కార్యక్రమ ఖర్చుల లెడ్జరు అడగండి. ధ్రువపత్రం మొదట అడగండి. అది చూశాక మళ్లీ రాయండి.